నైట్ షిఫ్టు ఇంట్లో ‘ఉదయం మాత్ర’ ఎప్పుడు?



డిశ్చార్జి రోజున మీ చేతికిచ్చే మందుల చీటీ మీద ‘ఉదయం 1, రాత్రి 1’ అని ఉంటుంది. పల్లెల్లో దీనికి వివరణ అక్కరలేదు. కాని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు నుండి వచ్చిన వారిని నేను తప్పక అడుగుతాను: “మీ ఇంట్లో తెల్లవారేది ఎన్నింటికి?” కొందరు నవ్వుతారు. నవ్వినా ఫరవాలేదు, జవాబు మాత్రం చెప్పండి.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళు అమెరికా గడియారంతో నడుస్తున్నాయి. న్యూయార్క్‌లో ఉదయం 9 అయితే మనకు సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. అక్కడ మార్చిలో, నవంబరులో గంట ముందుకో వెనుకకో జరుపుతారు. దానితో ఇక్కడ మీ అబ్బాయి భోజనం, నిద్ర కూడా జరుగుతాయి. 2020 లాక్‌డౌన్‌తో ఆఫీసు చాలా ఇళ్ళలో పడకగదిలోకే వచ్చింది.

నేను ఇదివరలో పనిచేసిన చోట ఒక యువకుడిని తీసుకువచ్చారు. అతనికి రెండు పూటలా ఇన్సులిన్. రాత్రి డ్యూటీ చేసి ఉదయం 7 గంటలకు ఇల్లు చేరాడు. చీటీలో ఉన్నట్లే ఇన్సులిన్ తీసుకొని, టిఫిను లేచాక తిందామని పడుకున్నాడు. తల్లి, రాత్రంతా మేల్కొన్నాడు గదా అని తలుపు దగ్గరగా వేసింది. పదకొండింటికి చూస్తే చెమటతో పక్కబట్టలు తడిసి ఉన్నాయి. పిలిస్తే పలకడం లేదు. గ్లూకోజు ఎక్కించాక, దేవుని కృప వలన కళ్ళు తెరిచాడు. ఆ తల్లి తప్పు ఏమీ లేదు. అతని డ్యూటీ వేళలు అడగనిది మేము.

మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్ తన పని తాను చేస్తుంది. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలూ అంతే. ఇవి భోజనంతో ముడిపడిన మందులు గాని సూర్యోదయంతో కాదు. థైరాయిడ్ మాత్ర అయితే సాధారణంగా నిద్ర లేచాక ఖాళీ కడుపుతో. ఒంట్లో నీరు తీసే మాత్రను పడుకోబోయే ముందు వేసుకుంటే నిద్ర ఉండదు, మూత్రానికి లేవవలసిందే.

అందువలన ఒక కాగితం మీద రోగి పడుకునే వేళ, లేచే వేళ, తినే వేళలు వ్రాయండి. డ్యూటీ రోజుకు ఒకటి, సెలవు రోజుకు మరొకటి. శనివారం అందరితో పాటు పగటి మనిషిగా మారిపోతారు, మందులు తారుమారయ్యేది ఎక్కువగా అప్పుడే. ఆ కాగితం డాక్టరు గారికి చూపి వేళలు వేయించుకోండి. సొంతంగా మార్చవద్దు, డోసు అసలే మార్చవద్దు. తరువాత మందు పేరుతో సెల్‌ఫోనులో అలారం పెట్టండి. ఫోనును తిట్టే మనకు అది నిజంగా ఉపయోగపడే పని ఇది.

చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు కనిపిస్తే షుగరు పడిపోయిందేమోనని అనుమానించండి. పరీక్షలో 70 కంటే తక్కువ ఉంటే, లేదా పరీక్షించే వీలు లేకపోతే, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించండి. 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడండి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

పగలు నిద్రపోయే షుగరు రోగి గదికి లోపలి గడియ వద్దు. అలాగే, మంచం పట్టిన పెద్దవారు ఒక గదిలో, హెడ్‌ఫోన్లు పెట్టుకొని పనిచేసే కొడుకో కోడలో మరో గదిలో ఉంటే, పిలుపు వినబడదు. వైరు లేని కాలింగ్ బెల్లు ఒకటి కొని, మీట మంచం దగ్గర, బెల్లు పనిచేసే గదిలో పెట్టండి. హెడ్‌ఫోన్లలో కూడా వినబడుతున్నదో లేదో ముందే నొక్కి చూసుకోండి.