ప్రశ్నలు - జవాబులు: రెయిడ్ కార్డు కొనమంటారా?

ప్రశ్న: మాది తెనాలి. ఉపగ్రహ చిత్రాల మీద పీహెచ్‌డీ చేస్తూ ఢిల్లీ కటవారియా సరాయ్‌లో గది తీసుకుని ఉంటున్నాను. గదిలోనే వర్క్‌స్టేషన్ పెట్టుకున్నాను, అందులో 4 టీబీ హార్డ్ డిస్కులు నాలుగున్నాయి. చిత్రాలన్నీ చిన్న చిన్న ముక్కలుగా పది లక్షల ఫైళ్లు. ప్రోగ్రాం వాటన్నిటినీ ఒక్క విడత చదవడానికే గంటలు పడుతోంది. నెహ్రూ ప్లేస్‌లో ఒక షాపులో అడిగితే, సర్వర్ నుంచి తీసిన ఎనిమిది పోర్టుల రెయిడ్ కార్డు వేయించుకోమన్నారు. స్కాలర్‌షిప్పులో దాచుకున్న డబ్బు. కొనమంటారా?
- పరిశోధక విద్యార్థి, కటవారియా సరాయ్

జవాబు: కొనకండి. మీ రోగానికి ఆ కార్డు మందు కాదు.

లెక్క చూడండి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్డు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. హెడ్డు ఆ వరుసకు జరగడానికి మరో ఎనిమిది, తొమ్మిది. ఫైలుకు పన్నెండు పదమూడు మిల్లీసెకన్లు పోతే సెకనుకు 80 ఫైళ్లు. పది లక్షల ఫైళ్లకు దాదాపు మూడున్నర గంటలు. మీ సమయం పోతున్నది ఈ వెతుకులాటలోనే. కార్డు ఎంత ఖరీదైనదైనా డిస్కును వేగంగా తిప్పలేదు. నాలుగు డిస్కులనూ రెయిడ్‌గా కలిపి కట్టినా, ఒక ఫైలు వచ్చాకే రెండో ఫైలు అడిగే ప్రోగ్రాం అయితే మూడు డిస్కులు ఊరికే కూర్చుంటాయి. కార్డు మీద ఉండే 512 ఎంబీ, 1 జీబీ క్యాష్ టెరాబైట్ల డేటా చదవడానికి ఏ మూలకూ రాదు.

నా మాట నమ్మే ముందు మీరే పరీక్షించండి. లైనక్స్ అయితే ప్రోగ్రాం నడుస్తుండగా iostat -x 1 (ఐఓస్టాట్) ఆదేశం ఇవ్వండి. డిస్కు నూటికి నూరు శాతం పనిలో ఉన్నట్టు చూపిస్తూ, వచ్చే డేటా మాత్రం సెకనుకు పది ఇరవై ఎంబీలే ఉంటే నేను చెప్పిన జబ్బే.

మొదటి మందుకు రూపాయి ఖర్చు లేదు. చిన్న ఫైళ్లను ఒక్కొక్కటీ ఒకటి రెండు జీబీలుండే మూటలుగా కట్టండి. టార్ అయినా సరే, హెచ్‌డీఎఫ్5 అయినా సరే. మూటను మొదటి నుంచి చివరి దాకా వరసగా చదివితే ఇవే డిస్కులు ఒక్కొక్కటీ సెకనుకు 150 నుంచి 200 ఎంబీ ఇస్తాయి. ఫైళ్ల వరస కలగాపులగం కావాలంటే మూట కట్టే ముందే కలిపేయండి.

అది చాలకపోతే ఆ డబ్బుతో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కొనండి. దానికి కంట్రోలర్ లోపలే ఉంటుంది, వేరే కార్డు అక్కర్లేదు. పాత సాటా పద్ధతిలో డిస్కుకు ఒకే వరస, అందులో 32 ఆదేశాలు. 2011లో వచ్చిన ఎన్‌వీఎంఈ పద్ధతి అలాంటి వరసలను వేలల్లో అనుమతిస్తుంది. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతే, మూడో తరం పీసీఐఈ మీద ఎన్‌వీఎంఈ 3,500 దాకా వెళుతుంది. కొనే ముందు మదర్‌బోర్డు మాన్యువల్ తెరవండి. ఏ ఎం.2 స్లాటు నేరుగా ప్రాసెసర్‌కు కలిసిందో అందులో ఉంటుంది, దాన్నే వాడండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 వాడితే రెండు సాటా పోర్టులు పనిచేయవు. మీకు నాలుగు డిస్కులున్నాయి కాబట్టి ఇది తప్పక చూసుకోవాలి. బిల్లు జీఎస్‌టీతో తీసుకోండి, వారంటీకి అదే ఆధారం.

ఇంకో సంగతి. రెయిడ్ కార్డు చచ్చిపోతే దాని డిస్కులను చదవడానికి సాధారణంగా ఆ కుటుంబపు కార్డే కావాలి. మీరు రేపు తెనాలి వెళ్లాక అది ఎక్కడ దొరుకుతుంది? లైనక్స్‌లోని ఎండీఆడ్మ్‌తో కట్టిన రెయిడ్‌ను ఏ లైనక్స్ యంత్రమైనా చదువుతుంది.

ప్రశ్న: మరి ఇలాంటి కార్డులు ఎవరికి పనికొస్తాయి? నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఎనిమిది హార్డ్ డిస్కులు పెట్టాలి. మదర్‌బోర్డుకు నాలుగే పోర్టులు.
- వీడియో ఎడిటర్, వరంగల్

జవాబు: మీకు పనికొస్తాయి. అయితే రెయిడ్ కార్డు కాకుండా డిస్కులను ఉన్నదున్నట్టు చూపించే హెచ్‌బీఏ కార్డు తీసుకోండి. పాత కార్డుల మీద ఎల్‌ఎస్‌ఐ అని ఉంటుంది. ఆ కంపెనీ 2014లో అవాగో చేతికి వెళ్లింది, ఇప్పుడది బ్రాడ్‌కామ్. 9211-8ఐ అనే పాత కార్డు డిస్కుకు 6 గిగాబిట్లు, 9300-8ఐ 12 గిగాబిట్లు ఇస్తాయి. మీవి హార్డ్ డిస్కులే కాబట్టి ఎనిమిదీ కలిసినా సెకనుకు 1,600 ఎంబీకి అటూ ఇటూగా ఉంటాయి, పాతదే సరిపోతుంది. రెంటి కేబుళ్లూ వేరు, కార్డుకు తగినవి అడిగి తెచ్చుకోండి.

ఈ కార్డులు సర్వర్లలో హోరుమనే ఫ్యాన్ల గాలికి అలవాటు పడ్డవి. మామూలు క్యాబినెట్‌లో హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. మే నెల వరంగల్లో అయినా ఢిల్లీలో అయినా దాని ఎదురుగా చిన్న ఫ్యాను బిగించకుండా నడపవద్దు.

ప్రశ్న: రెయిడ్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదంటారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదండీ. రెయిడ్ ఒక డిస్కు పాడైతే పని ఆగకుండా చూస్తుంది, అంతే. పొరపాటున ఫోల్డరు చెరిపేస్తే అన్ని డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. రాస్తుండగా కరెంటు పోతే రెయిడ్ 5 అనే రకంలో లెక్కలు తప్పే ప్రమాదమూ ఉంది. ముందు యూపీఎస్ కొనండి, తర్వాత ఒక బయటి డిస్కు. వారానికోసారి కాపీ తీసి, ఆ డిస్కును కంప్యూటరుకు తగిలించి ఉంచకుండా బీరువాలో పెట్టండి. మొదటి కాపీ ఈ ఆదివారమే తీయండి.