ముందు మచ్చు, తరువాత పడుగు



బొమ్మసంద్ర పారిశ్రామిక వాడలోని కార్ఖానాలలో మన నేత కుటుంబముల బిడ్డలు కొందరు పనిచేయుచున్నారు. అక్కడి పద్ధతి ఒకటి వారు ఇంటికి వచ్చి చెప్పుచుందురు. ఒక ఇనుప భాగము వేయి కావలెనన్నచో వేయియు ఒక్కసారిగా చేయరు. మొదట కంప్యూటరు మీద గీచెదరు. పొరమీద పొర పోయు యంత్రముతో ప్లాస్టిక్కు మచ్చు తీసెదరు. తరువాత ఇనుముతో ఒక్కటి చేసి, కొలిచి, కొనువారు ఒప్పుకొన్న మీదటనే తక్కినవి మొదలిడెదరు. మచ్చు చెడినచో పోవునది ఒక్కటే. సరుకంతయు చెడినచో కార్ఖానాకే ముప్పు.

ఈ న్యాయము మనకును వర్తించును. మేము దీనిని నష్టపడి నేర్చుకొంటిమి. కొన్నేండ్ల క్రిందట ఒక వ్యాపారి ఫోనులో పంపిన బొమ్మను చూచి, మచ్చు నేయకయే ఆరు ఇండ్లకు పట్టు పడుగులు ఇచ్చితిమి. చీరలు దిగిన తరువాత రంగు తాము కోరినది కాదని ఆయన తీసికొనలేదు. ఫోనులో కనుపించు రంగు నూలు రంగు కాదను సంగతి మాకు తెలియవలసినది. ఆ ఆరు ఇండ్లవారికి కూలి రెండు నెలలు ఆలస్యమయ్యెను. తప్పు మాదే. అట్టి తప్పు మరల జరుగకుండుటకు ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. కాగితము మీద మచ్చు. గళ్ళ కాగితములో ఒక గడి ఒక పడుగు పోగు మీద ఒక పేక పోగు దాటుటకు గుర్తు. అంగుళమునకు పడుగు 80, పేక 60 పడు గుడ్డ అనుకొనుడు. 40 గళ్ళ వెడల్పు, 40 గళ్ళ ఎత్తు గల పువ్వును గీచినచో కాగితము మీద చదరముగా నుండును. గుడ్డ మీద వెడల్పు అర అంగుళము, ఎత్తు అంగుళములో మూడింట రెండు వంతులు అగును. పువ్వు నిలువునా సాగిపోవును. చదరముగా రావలెనన్న ఎత్తు 30 గళ్ళే గీయవలెను. జాకార్డు అట్టలు కొట్టించక ముందే ఈ లెక్క చూచుకొనుడు.

2. రంగు మచ్చు. ఒక అట్ట ముక్కకు పడుగు నూలును, పేక నూలును ప్రక్కప్రక్కన చుట్టి పగటి వెలుతురులో చూడవలెను. దీపపు వెలుతురును నమ్మరాదు. పడుగు ఒక రంగు, పేక వేరొక రంగు అయినచో నేసిన పిమ్మట మూడవ రంగు తేలును. అది నేసి చూచిననే గాని తెలియదు.

3. నేత మచ్చు. పడుగు తోడునప్పుడే అర మీటరు ఎక్కువ ఉంచుడు. దానిపై రెండు మూడు పేక రంగులు మార్చి మార్చి నేయుడు. మగ్గము మీద బిగిసియున్న గుడ్డ కొలత సరియైనది కాదు. కోసి, ఉతికి, నీడన ఆరవేసి కొలువవలెను. 100 సెంటీమీటర్లు 95కు దిగినచో, 550 సెంటీమీటర్ల చీరకు సుమారు 579 సెంటీమీటర్లు నేయవలెను. రంగు దిగునో లేదో కూడ అప్పుడే తెలియును.

4. ఒప్పుదల. మచ్చును రెండు ముక్కలు చేసి, ఒకటి కొనువారికి, ఒకటి సంఘమునకు. రెంటిపైనను తేదీ, సంతకము ఉండవలెను.

మగ్గపు పనిముట్లకును ఇదే దారి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశంగారి తల్లి లక్ష్మిగారు ఒక చీరకు సుమారు 9,000 మార్లు చేయి ఆడించి ఆసు పోయుచు భుజము నొప్పితో బాధపడెడివారు. అది చూడలేక ఆయన 1992లో యంత్రము పని మొదలిడిరి. ఒక్కొక్క భాగమును చేసి చూచి, చెడినదానిని తీసి, మరల చేసిరి. ఒక కదలిక ఏండ్ల తరబడి కుదరలేదు. అయినను విడువక 1999లో లక్ష్మీ ఆసు యంత్రమును పూర్తిచేసిరి. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. 2017లో వారికి పద్మశ్రీ పురస్కారము వచ్చినది. చెడిన మచ్చులే వారికి గురువులైనవి.

మచ్చు నేయుటకు ఒక పూట పోవును, ఆ పూటకు కూలి ఎవరిత్తురని కొందరు అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. మచ్చు కూలిని చీర ధరలో చేర్చి కొనువారినుండియే రాబట్టవలెను. మచ్చుకు ఇష్టపడనివారి బేరము మనకు వద్దు.

ఇకమీదట సంతకము లేని బేరమునకు సంఘము నూలు ఇవ్వదు. మచ్చుల పుస్తకము సంఘ కార్యాలయములో ఉంచితిమి. ప్రతి ఇంటివారును వచ్చి చూడగోరుచున్నాము. చెడిన మచ్చులను కూడ తెచ్చి అందులో అంటింపుడు. ఒకరి తప్పు పదిమందికి పాఠమగును.