వర్తకపు లోటు పెరిగినను రూపాయి బలపడుట యెట్లు?

2008వ సంవత్సరము జనవరి మాసమున, సాంఘిక శాస్త్రపు పాఠము జరుగుచుండగా, పదవ తరగతి బాలుడొకడు లేచి మమ్మొక ప్రశ్న యడిగెను. అతని తండ్రి దుబాయిలో పనిచేయుచు నెలనెల 1,000 దిర్హములు ఇంటికి పంపుచుండెను. ఏడాది క్రిందట ఆ సొమ్మునకు సుమారు 12,000 రూపాయలు వచ్చెడివి. ఇప్పుడు 10,700 మాత్రమే వచ్చుచున్నవట. "మాస్టరుగారండీ, మన దేశము అమ్మెడు సరకుకంటె కొనెడు సరకే యెక్కువ, ఆ లోటు ఏటేట పెరుగుచున్నదని మీరే చెప్పితిరి. అట్లయిన రూపాయి పడిపోవలెను గదా? మా నాయన సొమ్మేల తగ్గినది?" అని యతడడిగెను.

లెక్క సరియైనదే. దిర్హము డాలరునకు కట్టుబడిన నాణెము. డాలరు వెల 44 రూపాయలనుండి 39 రూపాయల చిల్లరకు దిగగా, దిర్హమును దానితోడనే దిగెను. మేము పాఠములో సగమే చెప్పియుంటిమని అప్పుడు తోచినది.

ఒక్క తూమునుండి పోవు నీటిని చూచి చెరువు మట్టము చెప్పరాదు. వచ్చి చేరు వాగులనుకూడ చూడవలెను. సరకుల వర్తకము మన డాలర్ల చెరువునకు తూము. 2006–07లో దానిగుండ పోయినది, అనగా వర్తకపు లోటు, సుమారు 6,200 కోట్ల డాలర్లు. 2007–08లో సుమారు 9,100 కోట్లు. ముడిచమురు వెల పెరుగుట ఇందుకొక ముఖ్య కారణము.

ఇక వాగుల సంగతి. హైదరాబాదు, బెంగుళూరు మొదలగు పట్టణములలోని కంప్యూటరు పనివారు విదేశములకు చేసిపెట్టు పనికి డాలర్లు వచ్చుచుండెను. కడప, కోనసీమ, కరీంనగరు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారు ఇండ్లకు పంపు సొమ్మును వచ్చుచుండెను. ఈ రెండును కలిసి ఆ లోటులో నాలుగింట మూడు వంతులకు పైగా పూడ్చినవి. తన కష్టార్జితమునకు వచ్చు రూపాయలు తగ్గుటకు ఆ తండ్రి పంపిన దిర్హములును ఇసుమంత కారణమే యన్నమాట! ఈ సంగతి ఆ బాలునితో చెప్పుటకు మాకు మనసు రాలేదు.

అన్నిటికంటె పెద్ద వాగు పెట్టుబడి. అప్పుడు మన దేశపు ఆదాయము ఏటికి నూటికి తొమ్మిది చొప్పున వృద్ధిచెందుచుండెను. అమెరికాలోనో, 2007 సెప్టెంబరునుండి వడ్డీరేట్లు తగ్గింపసాగిరి. కావున విదేశీయులు మన కంపెనీల వాటాలు కొనుటకును, ఫ్యాక్టరీలు పెట్టుటకును, మనవారికి అప్పులిచ్చుటకును డాలర్లు తెచ్చిరి. 2007–08లో ఇట్లు నికరముగా వచ్చినది 10,000 కోట్ల డాలర్లకు పైమాటయే. వచ్చినవారు రూపాయలు కొనక తప్పదు. అడుగువారు హెచ్చిన వస్తువునకు వెల హెచ్చును. రిజర్వు బ్యాంకు సుమారు 9,200 కోట్ల డాలర్లను తన నిలువలో చేర్చుకొన్నను రూపాయి పెరుగుట ఆగలేదు.

మరియొక సంగతి విద్యార్థులు తరచుగా మరచిపోవుదురు. రూపాయి బలపడినకొలది విదేశపు సరకు మనకు చవుకయగును, మన సరకు పరులకు ప్రియమగును. అనగా ఆ పెట్టుబడియే ఒక చేత రూపాయిని లేపుచు, రెండవ చేత లోటును పెంచుచుండెను. తిరుప్పూరులో బనియన్లు కుట్టించి విదేశములకు పంపు వర్తకులు ఆ యేట మొరపెట్టుకొనుటకు కారణమిదియే. విదేశపు కానుకలపై నడచు హాస్టళ్లలోకూడ బియ్యపు లెక్కలు తారుమారయ్యెను.

ఈ వాగు వాన వాగువంటిది. 2008 సెప్టెంబరులో అమెరికాలోని లేమన్ బ్రదర్సు అను సంస్థ దివాలా తీయగా, పెట్టుబడిదారులు తమ సొమ్మును తీసికొని పోజొచ్చిరి. 2009 మార్చి నాటికి డాలరు వెల సుమారు 51 రూపాయలయ్యెను. అదే 1,000 దిర్హములకు అప్పుడు సుమారు 13,900 రూపాయలు రావలసియుండెను. మేము ఆ లెక్కను నల్లబల్లపై వ్రాసితిమి గాని, ప్రశ్న యడిగిన బాలుడు అప్పటికే పరీక్ష యిచ్చి మా పాఠశాలను విడిచి వెళ్లియుండెను.