అన్నీ మింగే నక్షత్రం నుంచి గాలి ఎలా వీస్తుంది?

న్యూట్రాన్ నక్షత్రం అంటే దగ్గరికొచ్చిందల్లా మింగేసేదే అనుకునేవాణ్ణి. జంట నక్షత్రం నుంచి వచ్చిన వాయువు దాని చుట్టూ పళ్లెంలా తిరుగుతూ లోపలికి జారుతుంది. ఆ పళ్లెం నుంచే గాలి బయటికి వీస్తుందంటే నమ్మలేక లెక్క వేశాను. సూర్యుడికి 1.4 రెట్ల ద్రవ్యరాశి, 10 కిలోమీటర్ల వ్యాసార్ధం. పలాయన వేగం సెకనుకు సుమారు 1.9 లక్షల కిలోమీటర్లు! ఇక గాలి ఎక్కడిది?

తప్పు సూత్రంలో లేదు, నేను తీసుకున్న దూరంలో ఉంది. పళ్లెం అంచు చాలా దూరం. 10 లక్షల కిలోమీటర్ల దగ్గర అదే సూత్రం 610 కిలోమీటర్లే ఇస్తుంది. నడుమ నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు అక్కడి వాయువుని కోటి డిగ్రీలకు కాచితే ప్రోటాన్ల వేగం 500 దాకా వస్తుంది. వాటిలో జోరుగా ఉన్నవి తప్పించుకుంటాయి, గిన్నెలో నీళ్లు ఆవిరైనట్టే.

మరి కొలిచేదెలా? మనం చదివిన డాప్లరే. గాలిలోని ఇనుము 6.97 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఎక్స్ కిరణాలను పీల్చుకుంటుంది. గాలి సెకనుకు 300 కిలోమీటర్లతో మనవైపు వస్తే ఆ గీత 7 ఎలక్ట్రాన్ వోల్టులు జరుగుతుంది. అంటే వెయ్యిలో ఒక వంతు! 2023లో జపాన్ పంపిన క్రిజమ్ ఉపగ్రహం అంత చిన్న తేడానీ పట్టగలదు.

2024లో అది జీఎక్స్ 13+1 అనే జంటను చూసింది. అప్పుడది విపరీతంగా వెలుగుతోంది. గాలి దట్టంగానే ఉంది, కానీ వేగం గంటకు సుమారు 10 లక్షల కిలోమీటర్లే. భారీ కృష్ణబిలాల దగ్గర ఇలాంటి స్థితిలో గాలి కాంతి వేగంలో 20-30 శాతం అందుకుంటుంది. ఈ తేడా ఎందుకన్నది ఇంకా చర్చలోనే ఉంది.

నాకు మిగిలిన పాఠం చిన్నదే: సూత్రంలో అంకెలు వేసేముందు, ఆ దూరం ఎక్కడి నుంచి ఎక్కడికో చూసుకోవాలి.