ఈ నెల ఆరోగ్య పాఠం: మంచు కొండ ఎక్కే ముందు



డిసెంబరు నెలలో కేరల్స్ పాడుకుంటూ తెల్లవారుజామున వీధి వీధి తిరిగేటప్పుడు కమ్ముకునేది మంచే. గడ్డి మీద బొట్లు బొట్లుగా నిలిచేదీ మంచే. క్రిస్మస్ చెట్టు మీద మనం దూదితో చేసేదీ మంచే. మన భాషలో వీటన్నిటికీ ఒక్క మాట సరిపోతుంది. ఎందుకంటే మనకు మంచు మీద నడవవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. ఇప్పుడు మన పిల్లలు నడుస్తున్నారు.

క్రిస్మస్, సంక్రాంతి సెలవులలో మన యువతీ యువకులు కొందరు హిమాలయాలకు ట్రెక్కింగ్ వెళ్తున్నారు. ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు గనుక వెళ్ళే ముందు ఆసుపత్రికి వస్తారు. "ఒక్క సంతకం చాలు డాక్టర్‌గారూ, రాత్రికి రైలు ఉంది" అంటారు. ఆ సంతకం ఎందుకు తొందరగా పెట్టకూడదో, కొండ మీద మంచు ఎలా ఉంటుందో, శరీరం ఏమని హెచ్చరిస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎంత ఎత్తు? ఎంత చలి?

చలికాలంలో ఎక్కువమంది వెళ్ళే దారి ఒకటి ఉదాహరణగా తీసుకుందాం. ఉత్తరాఖండ్ రాష్ట్రం ఉత్తరకాశీ జిల్లాలో కేదార్‌కాంఠ అనే శిఖరం ఉంది. ఎత్తు సుమారు 3,800 మీటర్లు. దారి మొదలయ్యే సాంక్రీ గ్రామం సుమారు 1,950 మీటర్ల ఎత్తులో ఉంటుంది. డెహ్రాడూన్ నుండి అక్కడికి చేరడానికి పగలంతా ప్రయాణం. మొదటి రోజు దేవదారు, పైన్ చెట్ల అడవి గుండా జూడా కా తాలాబ్ అనే చిన్న చెరువు దగ్గరికి, అంటే సుమారు 2,770 మీటర్లకు చేరతారు. మరునాడు సుమారు 3,400 మీటర్ల దగ్గర గుడారాలలో పడుకుంటారు. మూడవ రోజు చీకటితోనే లేచి శిఖరం ఎక్కి దిగుతారు.

మన లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తు. అక్కడి చలికే మనం రెండు స్వెట్టర్లు వేసుకుంటాం. ప్రతి 1,000 మీటర్లకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. సాంక్రీ గ్రామానికీ శిఖరానికీ మధ్య పదకొండు, పన్నెండు డిగ్రీల తేడా ఉంటుందన్నమాట. దానికి గాలి తోడైతే శరీరానికి తగిలే చలి ఇంకా ఎక్కువ. జనవరి రాత్రులలో పై శిబిరం దగ్గర సున్నాకు పది డిగ్రీలు కిందికి కూడా పడిపోవచ్చు.

మంచు ఒక్క రకం కాదు

అదే దారి ఉదయం ఒకలా, మధ్యాహ్నం మరోలా ఉంటుంది. కాబట్టి నిన్న వెళ్ళి వచ్చినవారు "బాగానే ఉంది" అన్న మాట ఈరోజుకు సరిపోదు.

1. కొత్తగా కురిసిన మెత్తని మంచు: మోకాళ్ళ వరకు కాళ్ళు దిగబడతాయి. గంటలో నడిచే దారికి రెండు మూడు గంటలు పట్టవచ్చు. బూట్లలోకి మంచు జారి మేజోళ్ళు తడుస్తాయి. పాదం పైన కట్టుకునే గెయిటర్స్ అనే తొడుగు అవసరం.

2. తొక్కుడు పడి రాత్రికి గడ్డకట్టిన మంచు: పదిమంది నడిచిన దారే ఉదయానికి గాజుపలకలా తయారవుతుంది. బూట్లకు తొడుక్కునే మైక్రోస్పైక్స్ అనే ఇనుప ముళ్ళ గొలుసులు, చేతికర్ర లేకుండా దాని మీద నడవరాదు. కాలు విరగడం, మణికట్టు విరగడం ఎక్కువగా దిగేటప్పుడే జరుగుతాయి.

3. ఎండకు మెత్తబడిన మంచు: మధ్యాహ్నానికి పైపొర కరిగి కాలు లోపలికి పోతుంది. కింద రాయి ఉందో, గుంట ఉందో కనబడదు. ఏటవాలుగా ఉన్నచోట మంచు జారే ప్రమాదం కూడా పెరుగుతుంది. అందుకే గైడ్లు తెల్లవారకముందే టార్చిలైట్లతో బయలుదేరదీసి, మధ్యాహ్నం కాకముందే దింపేస్తారు. ఇందులో కాఠిన్యం లేదు, జాగ్రత్తే ఉంది.

4. నీటి మీది మంచు: వాగు మీద పేరుకున్న మంచు కింద నీరు పారుతూ ఉంటుంది, పైన మాత్రం వంతెనలా కనిపిస్తుంది. గడ్డకట్టిన చెరువు కూడా అంతటా ఒకే మందం ఉండదు. ఫోటో కోసం దాని మీదికి వెళ్ళకూడదు.

5. శిఖరం అంచున వేలాడే మంచు: గాలి తోసిన మంచు అంచు దాటి చూరులా ముందుకు పెరుగుతుంది. పైన నిలబడినవారికి కింద నేల ఉన్నట్టే అనిపిస్తుంది. అంచుకు దూరంగా ఉండాలి.

వీటన్నిటికంటే భయంకరమైనవి మంచు చరియలు. అవి ఎక్కువగా 30 నుండి 45 డిగ్రీల వాలులలో, బాగా మంచు కురిసిన తరువాత మొదటి ఒకటి రెండు రోజులలో విరుగుతాయి. 2022 అక్టోబరు 4న ఇదే ఉత్తరకాశీ జిల్లాలో ద్రౌపదీ కా డాండా అనే పర్వతం మీద శిక్షణ బృందం మీద మంచు చరియ విరిగిపడి 29 మంది మరణించారు. వారు పర్వతారోహణ నేర్చుకుంటున్నవారు, నేర్పుతున్నవారు. అందువలన పెద్ద మంచు కురిస్తే ఒకటి రెండు రోజులు ఆగడం పిరికితనం కాదు.

చలి దెబ్బ

శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కంటె తగ్గితే దానిని హైపోథర్మియా అంటారు. దీనికి చలి ఒక్కటే కారణం కాదు. తడి, గాలి, ఆకలి, అలసట కలిస్తే సున్నా కంటే ఎక్కువ వేడి ఉన్నప్పుడు కూడా వస్తుంది. మన ఎండలకు మేలుచేసే నూలుబట్ట ఇక్కడ శత్రువు. జీన్స్ ప్యాంటు తడిస్తే ఆరదు. ఒంటికి తగిలే పొర చెమటను పీల్చి ఆరిపోయే బట్ట, దాని మీద ఉన్ని, పైన గాలీ నీరూ చొరనివ్వని కోటు వేసుకోవాలి. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర తీసేయాలి, ఆగగానే తొడుక్కోవాలి. రాత్రికి పొడి మేజోళ్ళు ఒక జత విడిగా దాచుకోవాలి.

మొదటి గుర్తు వణుకు. తరువాత మాట ముద్దముద్దగా వస్తుంది, నడక తడబడుతుంది, చేతిలోని వస్తువులు జారిపోతాయి, మనిషి విసుక్కుంటాడు, "నాకేమీ కాలేదు, వదిలేయండి" అంటాడు. వణుకు ఆగిపోతే బాగుపడినట్టు కాదు, ప్రమాదం ముదిరినట్టు.

వెంటనే గాలి తగలని చోటికి చేర్చండి. తడిబట్టలు తీసి పొడిబట్టలు వేసి, తలతో సహా కప్పండి. పూర్తి తెలివిలో ఉండి మింగగలిగితేనే వేడి వేడి తియ్యని టీ ఇవ్వండి. మద్యం ఇవ్వరాదు. అది ఒంటిలోని వేడిని బయటికి పంపేస్తుంది. చేతులు కాళ్ళు గట్టిగా రుద్దరాదు. మూసిన గుడారంలో కుంపటి గాని, స్టవ్ గాని వెలిగించరాదు. దాని నుండి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

వేళ్ళు, ముక్కు, చెవులు తెల్లబడి, మైనంలా గట్టిపడి, స్పర్శ తెలియకపోతే అది ఫ్రాస్ట్‌బైట్. మంచుతో రుద్దడం పాత పొరపాటు. నిప్పుసెగ పెట్టినా తెలియకుండానే కాలిపోతుంది. మళ్ళీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరిన తరువాతనే 37 నుండి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచాలి. పసిబిడ్డ స్నానపు నీళ్ళు మోచేతితో చూస్తాం కదా, అలాగే ఆరోగ్యంగా ఉన్న మనిషి మోచేతితో చూడండి.

కళ్ళను మరువవద్దు. కొత్త మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాలలో 80 శాతం వరకు తిరిగి పైకి కొడుతుంది. నల్లకళ్ళద్దాలు లేకుండా కొన్ని గంటలు నడిస్తే ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీరు, చూపు మసక కలుగుతాయి.

ఎత్తు జబ్బు

2,500 మీటర్లు దాటినప్పటి నుండి ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు. రోజూ జిమ్‌కు వెళ్ళేవారికి రాదనుకోవడం తప్పు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్రపట్టకపోవడం తొలి గుర్తులు. ఇవి ఉన్నప్పుడు ఇంకా పైకి వెళ్ళరాదు. తగ్గకపోతే దిగాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకోవడం మంచిది.

కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబీరంగు నురుగు ఉంటే ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నట్టు. తాగినవాడిలా తూలడం, మాట తికమక ఉంటే మెదడు వాస్తున్నట్టు. మడమకు వేలు ఆనిస్తూ గీత మీద పది అడుగులు వేయమనండి. వేయలేకపోతే రాత్రి అయినా, ఒంటరిగా పంపకుండా, తోడుండి దింపాలి. తెల్లవారే వరకు చూద్దామనుకుంటే ఆలస్యమైపోవచ్చు. మందులు డాక్టరు సలహా లేకుండా వాడవద్దు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.

ధ్రువపత్రం దగ్గర నిజం చెప్పండి

అదుపులో లేని రక్తపోటు, గుండెజబ్బు, తీవ్రమైన ఆస్తమా, రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు ముందుగా డాక్టరుతో వివరంగా మాట్లాడాలి. మన ఏజెన్సీ ప్రాంతాలలోనూ ఆదిలాబాదు వైపునా సికిల్‌సెల్ జబ్బు ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ఆ జబ్బు ఉన్నవారికి ఎత్తైన కొండలు ప్రమాదకరం. జబ్బు లేకుండా ఆ లక్షణం మాత్రమే ఉన్నవారికి కూడా ఎత్తులో ప్లీహం దెబ్బతినవచ్చు. పరీక్ష చేయించుకోని ఇళ్ళవారు ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇన్సులిన్ వాడేవారు దానిని సంచిలో కాక ఒంటికి దగ్గరగా చొక్కా లోపల ఉంచుకోవాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ తిరిగి పనికిరాదు.

చూడకుండా సంతకం చేసే చోటు వెతుక్కోవద్దు. ఆ కాగితం కొండ మీద మిమ్మల్ని మోయదు.

వెనుదిరగడం ఓటమి కాదు

2024 జూన్ నెలలో ఉత్తరకాశీ జిల్లా వైపు సహస్రతాల్ దారిలో, ఎక్కువమంది కర్ణాటకవారే ఉన్న 22 మంది బృందం తిరిగి శిబిరానికి వస్తుండగా మంచు తుఫానులో చిక్కుకుంది. తొమ్మిదిమంది మరణించారు. వారిలో అనుభవం ఉన్న ట్రెక్కర్లు ఉన్నారు. మనకది ఎండాకాలం. 4,000 మీటర్లు దాటిన చోట వాతావరణం క్యాలెండర్ చూసి రాదు. ఆ కుటుంబాల దుఃఖం మనకు కూడా పాఠం కావాలి.

కొండ ఎక్కడం తప్పని ఈ పాఠం ఉద్దేశం కాదు. 2014 మే 25న మన నిజామాబాదు జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అంతకుముందు భువనగిరి రాతికొండ మీద మొదలుపెట్టి డార్జిలింగ్‌లోనూ లడఖ్ చలిలోనూ నెలల తరబడి శిక్షణ పొందారు. రైలెక్కే ముందు రోజు బూట్లు కొనుక్కున్నవారు వారితో పోల్చుకోరాదు.

చాలామందిని ముందుకు నెట్టేది ధైర్యం కాదు. కట్టిన డబ్బు, దొరికిన నాలుగు రోజుల సెలవు, స్నేహితులు ఏమనుకుంటారో అన్న సిగ్గు. కాబట్టి "ఫలానా గంటకు శిఖరం చేరకపోయినా అక్కడి నుండే తిరిగి వస్తాం" అని కింద ఉన్నప్పుడే నిర్ణయించుకోండి. పైన అలసిన మెదడు సరిగా తేల్చలేదు.

తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలు

1. వాతావరణ శాఖ హెచ్చరిక, డి.జి.ఆర్.ఇ. సంస్థ ఇచ్చే మంచు చరియల హెచ్చరిక చూశారా?
2. గైడు స్థానికుడేనా? ఎంతమందికి ఒక గైడు? ఆక్సిజన్ సిలిండరు, స్ట్రెచరు ఉన్నాయా?
3. మంచు ఎక్కువైతే ఆగడానికి ఒక రోజు అదనంగా పెట్టుకున్నారా?
4. ఏ గంటకు వెనుదిరుగుతారు?
5. ఫోను పనిచేయని రోజులెన్ని? ఏ రోజు సాయంత్రంలోగా కబురు రాకపోతే మేము ఎవరికి ఫోను చేయాలి?

అత్యవసర నంబరు 112 అందరి దగ్గరా ఉండాలి. గైడు పేరు, ఫోను నంబరు ఇంట్లో కాగితం మీద రాసి ఉంచండి.

కుటుంబ ప్రార్థనలో ఈ వారం సామెతలు 22వ అధ్యాయం 3వ వచనం కలిసి చదివి, అది కొండదారికి ఎలా వర్తిస్తుందో పిల్లలనే చెప్పమనండి. మీ అబ్బాయి గాని, అమ్మాయి గాని శిఖరం చూడకుండానే తిరిగి వస్తే "డబ్బు దండుగ చేశావు" అనవద్దు. కొండ వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది. బిడ్డ ఇంటికి వచ్చినందుకు దేవునికి స్తోత్రం చెల్లించి, వేడి అన్నం వడ్డించండి.