ఖాళీ అయిన మాత్రల అట్ట పారేయకు చెల్లీ

శుక్రవారం సెలవు దొరికితే మన కాళ్లు కువైట్‌లోని అల్ రాయ్ ఫ్రైడే మార్కెట్ వైపే లాగుతాయి కదా! ఊరికి పంపే దుప్పట్లు బేరం చేస్తూనే ఒంటి బాగోగులన్నీ మాట్లాడేసుకుంటాం. ‘‘ఊరి నుంచి తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోయాయక్కా. 130 దగ్గరే ఉంది, ఇంకెందుకులే అని మానేశా’’ అంటే మాత్రం నా గుండె గుభేలుమంటుంది.

ఇలా కూర్చో, చాయ్ తాగుతూ చెప్తా. మిద్దె మీద ఎండకు వదిలేసిన నీళ్ల పైపు చూశావుగా? మెత్తదనం పోయి కట్టెలా బిగుసుకుంటుంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిదీ అదే కథ. మొదట రబ్బరులా సాగుతుంది. గుండె కొట్టినప్పుడల్లా ఉబ్బి, ఆ దెబ్బను తనలో ఇముడ్చుకుని రక్తాన్ని నెమ్మదిగా వదులుతుంది. ఏళ్ల తరబడి బీపీ ఉంటే ఆ గోడలో సాగే పీచు చిరిగి, గట్టి పీచు పేరుకుంటుంది. ఇక ఆ దెబ్బంతా మెదడుకీ కిడ్నీలకీ తగులుతుంది.

మరి మాత్ర చేసేదేమిటి? ఒత్తిడి తగ్గించి గోడకు వెంటనే కాస్త ఊరటనిస్తుంది. గోడ బాగుపడాలంటే మాత్రం నెలలు పడుతుంది. టెల్మిసార్టాన్, పెరిండోప్రిల్ లాంటివి గట్టి పీచు పేరుకోవడాన్ని నెమ్మదింపజేస్తాయి. ఆమ్లోడిపిన్ నాళాల కండరాన్ని వదులు చేస్తుంది. అన్ని మాత్రలూ ఒకటి కాదమ్మా. 2006లో వచ్చిన ‘కేఫ్’ అధ్యయనంలో అటెనోలాల్ అనే మరో బీపీ మాత్రతో మొదలుపెట్టినవాళ్లకీ, ఆమ్లోడిపిన్‌తో మొదలుపెట్టినవాళ్లకీ చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ దాదాపు ఒకటే. గుండె దగ్గరి ధమనిలో మాత్రం ఆమ్లోడిపిన్ వాళ్లకు 4 పాయింట్లకు పైగా తక్కువ! పట్టీ చూపించే అంకె ఒక్కటే చూసి మనం మానేస్తే ఎలా చెప్పు?

అలాగని అటెనోలాల్ వేసుకుంటున్నవాళ్లు భయపడి ఆపేయొద్దు. ఒక్కసారిగా ఆపితే గుండెకే ముప్పు. మార్చాలో వద్దో డాక్టరు చూస్తారు. రూమ్మేట్ మాత్ర అప్పు తెచ్చుకోవడం అసలే వద్దు. రామిప్రిల్‌తో పొడిదగ్గు వచ్చినా, ఆమ్లోడిపిన్‌తో పాదాలు వాచినా ఓర్చుకుంటూ కూర్చోకు, డాక్టరుకి చెప్పు. కడుపు పండాలని చూస్తున్నావా? టెల్మిసార్టాన్, రామిప్రిల్, పెరిండోప్రిల్ అప్పుడు పనికిరావు, ముందే అడిగి మార్పించుకో. ఆవకాయ కూడా కాస్త తగ్గించు, నా తల్లివి కదా.

మాత్రలు తెప్పించమని పనిచేసే ఇంటి మేడమ్‌ని అడగాలంటే మొహమాటమా? మందు కోసం అడగడంలో తప్పేం లేదులే. పది మాత్రలు మిగిలి ఉండగానే అడుగు. ఆ ఖాళీ అట్ట పర్సులో పెట్టుకో, డాక్టరుకి పేరు చూపించాలి. వచ్చే శుక్రవారం కొత్త అట్ట నాకు చూపిస్తావుగా?