తుంటి ఆపరేషన్ తర్వాత నడక - మందుల సంచి సంగతి



తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవారిని వీలైతే మరునాడే మంచం దింపి నిలబెడతాము. చూసేవారికి ఇది కఠినంగా తోచవచ్చు. కాని మంచం మీద గడిచే ప్రతి రోజూ కండ తరుగుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, వీపు కింద పుండ్లు పడతాయి. "అమ్మ లేవనంటోంది సిస్టర్, వయసైపోయింది, వదిలేయండి" అని మీరు అన్నప్పుడు మేము ముందు చూసేది ఆమె వయసును కాదు, ఆమె మందుల సంచిని.

లేవనివ్వనిది మొదట నొప్పి. "నొప్పి గోలీలతో కిడ్నీలు పాడవుతాయి" అని కొందరు వాటిని ఇవ్వకుండా దాచిపెడతారు. డైక్లోఫెనాక్ వంటి వాటి విషయంలో ఆ భయం సరైనదే, వాటిని సొంతంగా కొని వేయకండి. పారాసిటమాల్ సంగతి వేరు. డాక్టరు రాసిన మోతాదు దాటకుండా, నొప్పి ముదిరేదాకా ఆగకుండా, వేళకు వేయండి. వ్యాయామానికి అరగంట ముందు ఒక మోతాదు పడేలా చూసుకుంటే అడుగు వేయడం తేలికవుతుంది. ట్రమడాల్ రాస్తే మత్తు, వాంతులు, మలబద్ధకం రావచ్చు. మూడు రోజులు విరేచనం కాకపోతే చెప్పండి. కడుపు ఉబ్బిన మనిషి కూర్చోనే లేదు, ఇక నడిచేదెట్లా?

రెండవది మత్తు. పాశమైలారంలోనో బొల్లారంలోనో నైట్ షిఫ్టు చేసి వచ్చినవారు "రాత్రంతా కేకలు, నిద్రకు ఏదైనా ఇవ్వండి" అని అడుగుతారు. మీ అలసట మాకు తెలుసు. అయినా ఆల్ప్రజోలం, డయాజిపామ్ వంటి నిద్రమాత్రల ప్రభావం వృద్ధులలో మరునాడు కూడా మిగిలి ఉంటుంది. కాళ్ళు తడబడి మళ్ళీ పడిపోతారు. జలుబుకు, దురదకు వేసే అవిల్, సెట్రిజిన్ కూడా మగత తెస్తాయి. మందుల కంపెనీల మధ్య బతుకుతున్నాం కాబట్టి పేర్లన్నీ మనకు తెలిసినవే. పేరు తెలిసినంత మాత్రాన మందు తెలిసినట్టు కాదు.

మన సంగారెడ్డి, మెదక్ వైపు ఇంకొక మాట అడగక తప్పదు. కల్లు. కల్తీ కల్లులో కలిపేది ఈ ఆల్ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేటే. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో చేరి హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్ కూడా రావచ్చు. 2015లో ప్రభుత్వం కల్తీని అరికట్టినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇలాగే ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. కనుక చేర్చిన రోజే చెప్పండి. అవ్వ తాగుతుందని చెప్పడానికి సిగ్గుపడవద్దు, మేము ఎవరినీ తప్పుపట్టము. చాటుగా సీసా తెచ్చి ఇవ్వకండి. అవసరమైతే డాక్టరే కొలిచి మందు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. మాట తడబడడం, మనుషులను గుర్తుపట్టకపోవడం వెనుక జ్వరం, మూత్రం ఆగడం, నొప్పి కూడా ఉండవచ్చు. అందుచేత వయసు ప్రభావం అనుకొని ఊరుకోకుండా వెంటనే మమ్మల్ని పిలవండి.

పడకముందు వాడిన బి.పి. మాత్రల మోతాదు ఇప్పుడు ఎక్కువ కావచ్చు, ఎందుకంటే రక్తం పోయింది, తిండి తగ్గింది. నిలబడిన మూడు నిమిషాల్లో పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే డాక్టరుకు చెప్పాలి. ప్రొస్టేటు మందులతోనూ ఇలా అవుతుంది. ముందు మంచం అంచున కాళ్ళు కిందికి దించి రెండు నిమిషాలు కూర్చోబెట్టి, అప్పుడే వాకరు అందించండి. అన్నం తినని పూట షుగరు మందు గురించి అడిగి వేయండి. ఏ మందూ మీ అంతట మీరు ఆపవద్దు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందును డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి, తరచుగా అది నెల దాకా ఉంటుంది. ఎముక బలానికి వారానికొకసారి వేసే మాత్ర అయితే పరగడుపున గ్లాసు నిండా నీళ్ళతో వేసి, అరగంట పడుకోనివ్వకండి.

ఇంట్లో ఒక చిక్కు ఉంది. పొద్దున షిఫ్టుకు పోయిన కొడుకు వేశాడనుకొని కోడలు వేయదు, లేదా ఇద్దరూ వేస్తారు. గోడ మీది క్యాలెండరులో వేసినవారే గీత పెట్టండి. చూపించుకోవడానికి వచ్చేటప్పుడు అట్టలతో సహా మందులన్నీ తీసుకురండి. ఆర్.ఎం.పి. ఇచ్చినవి, నాటువైద్యుని పొడులు కూడా సంచిలో ఉండాలి. పేరు లేని కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారు. దాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, అందుకే ముందు మాకు చూపించండి.